మార్పు రాకమునుపే సంఘము సిద్ధపడు విధము



ఇటీవల ఉపమాకలో జరిగిన రైతుల కూటమిలో మేము చెఱకు ధరలనుగూర్చి మాటలాడుచుండగా వృద్ధరైతొకరు లేచి, “అయ్యా, ఎక్కడో బ్రెజిలు దేశమున చెఱకు పండిన పండనిండు, ఎండిన ఎండనిండు. మా గరువులోని తోటకు దానితో నేమి పని?” అని యడిగిరి. ప్రశ్న మంచిది. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తిగా నుండలేదు. కావున దానిని సావకాశముగా ఈ పాఠమున వ్రాయుచున్నాము.

1. పొరుగూరి యుదాహరణము

దూరదేశపు మార్పు మన పొలము గట్టువఱకు వచ్చునా యను సందేహమునకు సమాధానము మన పొరుగుననున్న ఏటికొప్పాకలోనే కలదు. 1929లో ప్రపంచమంతట ధరలు పడిపోవ నారంభించెను. ధాన్యమును, బెల్లమును కొనువారు లేక రైతులు అప్పులపాలైరి. జావా ద్వీపపు తెల్ల చక్కెర ఓడలమీద మన రేవులకు వచ్చుచుండెను. అప్పుడు 1932లో ప్రభుత్వమువారు చక్కెర పరిశ్రమ సంరక్షణ చట్టము చేసి, విదేశపు చక్కెరపై హెచ్చు సుంకము నిలిపిరి. 1912లో స్థాపింపబడిన కోయంబత్తూరు పరిశోధనాలయమునుండి క్రొత్త చెఱకు రకములు వచ్చుచుండెను. అనకాపల్లి చెఱకు పరిశోధన క్షేత్రము 1913 నుండి మన చెంతనే యున్నది.

చట్టమును, రకమును, యంత్రమును ఒకే కాలమున కలసివచ్చెను. ఏటికొప్పాక ప్రాంతపు రైతులు 1933లో సహకార సంఘముగా నేర్పడి చక్కెర మిల్లునకు పూనుకొనిరి. మహారాష్ట్రమందు ప్రసిద్ధికెక్కిన ప్రవరానగర సహకార మిల్లు 1950 ప్రాంతమునగాని చెఱకు నాడింపలేదు. అనగా మనవారు వారికంటె ఇంచుమించు పదునేడేండ్లు ముందుండిరి. 1932 నాటి చట్టము దేశములోని రైతులందఱికిని ఒక్కటియే. దాని నెఱిగి, నలుగురు కూడి, సమయము మించకుండ పనికి దిగినవారికే ఫలము దక్కెను.

2. ఆ మిల్లే ఏల నిలిచిపోయెను?

ఇపుడు రెండవ పాఠము. ఇది చేదుగా నున్నను చదువక తప్పదు. మన జిల్లాలోని ఏటికొప్పాక, తాండవ, తుమ్మపాల సహకార మిల్లులు గత కొన్నేండ్లుగా చెఱకు నాడింపక నిలిచిపోయినవి. కారణ మొక్కటియే యని చెప్పుట న్యాయము కాదు. అయినను ఒక చిన్న లెక్క వేసి చూచిన, చక్కెర మిల్లులకు వచ్చిన చిక్కులో ముఖ్యభాగము తెలియును.

2019-20లో కేంద్ర ప్రభుత్వమువారు క్వింటాలు చెఱకునకు 10 శాతము రికవరీపై 275 రూపాయలు మద్దతు ధరగా నిర్ణయించిరి. చక్కెరకు కిలో 31 రూపాయలు కనీస విక్రయ ధరగా 2019 ఫిబ్రవరిలోనే నిర్ణయించియుండిరి. టన్ను చెఱకునుండి 100 కిలోల చక్కెర వచ్చిన, కనీస ధరకు దాని విలువ 3,100 రూపాయలు. చెఱకు ఖరీదు 2,750 పోగా మిగులునది 350.

2025-26కు చెఱకు ధర 10.25 శాతము రికవరీపై 355 రూపాయలైనది. చక్కెర కనీస ధర మాత్రము 2025లోను 31 రూపాయలే. టన్నునకు వచ్చు 102½ కిలోల చక్కెర విలువ 3,177 రూపాయల 50 పైసలు. చెఱకు ఖరీదు 3,550. మిగులుటకు మాఱు 372 రూపాయల 50 పైసలు తక్కువ పడుచున్నది. కూలి, యంత్రము, వడ్డీ ఇందులో చేరనేలేదు.

బజారు ధర కనీస ధరకంటె పైన నుండుటచేతను, పిప్పితో కరెంటును, మడ్డితో ఆల్కహాలును తీయుటచేతను పెద్ద మిల్లులు నిలబడుచున్నవి. పాత యంత్రముతో, తక్కువ చెఱకుతో, చక్కెర నొక్కదానినే నమ్ముకొన్న మిల్లునకు ఆ యాధారము లేదు. రైతునకు ధర పెరుగుట న్యాయమే. కాని ఆ ధర నిచ్చు శక్తి మిల్లునకు ఎక్కడనుండి వచ్చునని ముందుగా నాలోచింపనిచో, ధర కాగితముపై నుండును, బాకీ రైతు నెత్తిపై నుండును.

బ్రెజిలు మాట ఇచ్చటనే వచ్చును. ఆ దేశమువారు 1975 నుండి చెఱకు ఆల్కహాలును మోటారు బండ్లకు విరివిగా వాడుచున్నారు. లోకములో అందఱికంటె ఎక్కువ చక్కెరను ఎగుమతి చేయువారును వారే. ముడిచమురు ధర హెచ్చిన వారి చెఱకు రసము ఆల్కహాలునకు మరలును. తగ్గిన చక్కెరకు మరలును. దానినిబట్టి లోకపు చక్కెర ధర లేచును, పడును. మన దేశమందును 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఆల్కహాలు కలుపుట జరిగినది. కాబట్టి పెట్రోలు బంకునకును మన చెఱకు తోటకును ఇపుడు చుట్టఱిక మేర్పడినది.

3. సంఘము చేయవలసిన పనులు

మొదటిది, ధరల పుస్తకము. అనకాపల్లి మార్కెట్టులో బెల్లపు దిమ్మల ధర, చక్కెర ధర, కూలి రేటు, వర్షపాతము నెలకొకసారి ఒక సభ్యుడు వ్రాసి కూటమిలో చదువవలెను. మూడేండ్ల లెక్క చేతనున్న సంఘమునకు నాల్గవయేట పుకార్లతో పని యుండదు.

రెండవది, ఒక్క రకముపై నాధారపడకుండుట. ఈ విషయమున మేమును తప్పు చేసినవారమే. ఉద్యోగపు తొలి దినములలో ఒక గ్రామమున దిగుబడి చూచి మురిసి, ఊరంతటను ఒకే రకమును నాటింపజేసితిమి. మూడవయేట ఎఱ్ఱకుళ్లు తెగులు ప్రవేశించెను. చీల్చిన గడలో ఎఱుపును, నడుమ తెల్లని మచ్చలును, పులిసిన వాసనయు చూచిన రైతు ముఖమును నేటికిని మఱువలేకున్నాము. ఉత్తరప్రదేశమునను కో 0238 అను రకము చెఱకు భూమిలో అధికభాగము నాక్రమించిన పిమ్మట ఇదే తెగులునకు లోనై గొప్ప నష్టము కలిగించెను. కావున రెండు మూడు రకములను పంచి నాటుడు. 87ఏ298, 93ఏ145 వంటివి అనకాపల్లి క్షేత్రమునుండి వచ్చినవే. తెగులు కనబడిన తోటనుండి ముచ్చెలు తీయరాదు, కార్సి ఉంచరాదు. ఆ మడిలో వరి వేసి పంట మార్చుడు.

మూడవది, ఒక్క సరకును, ఒక్క కొనుగోలుదారును నమ్మకుండుట. పసుపుపచ్చని మెఱుపుకొఱకు పాకములో హైడ్రాసు వేయుట మన యలవాటు. నేడు పట్టణములందు మందు వేయని బెల్లమును, బెల్లపు పొడిని అడిగి కొనువారు పెరుగుచున్నారు. బెండ జిగురుతో మడ్డి తీసి కాచిన బెల్లము రంగు తక్కువైనను శుభ్రమైనది. ఊరంతయు ఒక్కసారిగా మారనక్కఱలేదు. ఒక్క గానుగవద్ద ఒక్క సీజను కాచి, విడిగా అమ్మి, లెక్క చూచుకొనుడు.

నాల్గవది, కూలి కొఱతకు ముందుచూపు. నక్కపల్లివద్ద బల్క్ డ్రగ్ పార్కునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. కర్మాగారములు వచ్చినకొలది మన పిల్లలు అటు పోవుదురు. పోవుట తప్పు కాదు. కాని చెఱకు నరుకువా రెవరు? సంఘము తరఫున పది సెంట్లలో అయిదడుగుల సాళ్లు వేసి, బిందు సేద్యముతో ఇప్పుడే పరీక్షింపవలెను. యంత్రము సాలులో నడవవలెనన్న వెడల్పు నాటునాడే విడువవలెను, నరుకునాడు కాదు.

అయిదవది, నిలువ నిధి. మంచి యేట వచ్చిన లాభములో నాల్గవవంతు కదల్పక ఉంచుడు. అప్పు తెచ్చి మార్పు నెదుర్కొను సంఘము వడ్డీకి పనిచేయును. నిలువతో నెదుర్కొను సంఘము సభ్యులకు పనిచేయును.

4. వచ్చు కూటమికి పని

ప్రతి సంఘమువారును వచ్చు నెల కూటమిలో మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసి మినిట్సు పుస్తకమున నెక్కింపవలెను. బెల్లము ధర నాల్గవవంతు పడిపోయిన మన మేమి చేయుదుము? మనము వేసిన రకమునకు తెగులు వచ్చిన మంచి ముచ్చె లెక్కడనున్నవి? కూలివారు సగమే దొరికిన ఏ పని ముందు, ఏ పని వెనుక?

ఆ వృద్ధరైతుగారికి మా సమాధాన మిది: అయ్యా, బ్రెజిలు చెఱకు మీ గరువులోనికి రాదు. దాని ధర మాత్రము వచ్చును. 1933లో మన పెద్దలు దూరపు వార్తను విని మిల్లు నిలిపిరి. మనము ఆ మిల్లుల మూసిన గేట్లను చూచుచున్నాము. వచ్చు మార్పు నాపుట మన చేతిలో లేదు. అది వచ్చునాటికి చేతిలో లెక్కయు, మడిలో రెండవ రకమును, పెట్టెలో కొంత పైకమును ఉంచుకొనుట మన చేతిలోనే యున్నది.