కాకటీలు పిల్లలకు మేత పెట్టవలసిన దెవరు?

కాకటీలు ఆస్ట్రేలియా ఖండమునకు జెందిన పక్షి. తలపై కుచ్చు, చెక్కిళ్లపై నారింజవన్నె మచ్చలు దీని గురుతులు. శాస్త్రజ్ఞులు దీనిని కాకటూ కుటుంబమున జేర్చిరి. ఆ కుటుంబమున నిదియే మిక్కిలి చిన్నది. మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము గనుక, పక్షులయం దిష్టముగల గృహస్థులు పలువురు నేడు కాకటీలును కొనుచున్నారు. రెక్కలు రాని పిల్లను కొనిపోయి చేతితో మేపినగాని యది మచ్చిక కాదని అమ్మువారు కొందరు చెప్పుదురు. ఈ మాట నమ్మదగినదా?

మొదట పక్షులు చేయు పనిని చూతము. ఆడపక్షి సాధారణముగా 4 మొదలు 7 వరకు గ్రుడ్లు పెట్టును. పగలు మగపక్షియు, రాత్రి ఆడపక్షియు పొదుగును. ఇంచుమించు 3 వారములకు పిల్ల వెలువడును. పసుపుపచ్చని నూగు, మూసిన కండ్లు, సుమారు 5 గ్రాముల తూకము. ఇంతే దాని సొత్తు. తల్లియు తండ్రియు మెడక్రింది మేతసంచిలో నానిన గింజలను పైకి తెచ్చి దాని నోటి కందించును. ఎంత వెచ్చన, ఎంత చిక్కన, ఎప్పుడు అనునది వాని కెవరును నేర్పనక్కరలేదు.

ఈ పనినే మనము పైకొన్నచో నేమగును? పిల్ల పుట్టిన మొదటి దినములలో రెండేసి గంటల కొకమారు మేపవలెను. బడికి వచ్చు విద్యార్థి పగటి మేతలను ఎవరి కప్పగించును? మేతపిండిని నీటితో కలిపి 39 మొదలు 41 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమున నుంచవలెను. వ్రేలితో తాకి చూచుట చాలదు, ఉష్ణమాపకము కావలెను. వేడి 43 డిగ్రీలు దాటినచో మేతసంచి కాలును. ఆ పుండు వెంటనే కనబడదు; కొన్ని దినములకు చర్మము చిల్లిపడి తిన్నది బయటకు కారును. మేత చల్లారినచో సంచిలో కదలక పులియును. తొందరపడి సిరంజితో పోసినచో గాలిగొట్టములోనికి పోయి పిల్ల అక్కడికక్కడే మరణింపవచ్చును.

మరియొక నష్టము కలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, డేవిస్ నగరమందు, శాస్త్రజ్ఞులు రెండు విధముల బెరిగిన కాకటీలులను పోల్చి 1988లో ఫలితములను ప్రకటించిరి. చేతిమేతతో బెరిగిన మగపక్షులు గూటిపెట్టెను చూచుటయు, వాని జతలకు ఫలవంతమైన గ్రుడ్లు కలుగుటయు తక్కువ. అట్లు పెరిగిన ఆడపక్షులు గ్రుడ్ల నెక్కువగా పెట్టినను, తరచుగా పంజరపు నేలపైనే విడిచెను. మచ్చిక యనునది యిచ్చట కొంత వెల పెట్టి కొన్న వస్తువే.

ఆ వెల యక్కరలేదు. ఆ విశ్వవిద్యాలయముననే అమెజాను చిలుకలపై జేసిన పరిశోధన 1999లో వెలువడెను. గూటిలో పెరుగు పిల్లలను ప్రతిదినము కొంతసేపు మనుష్యులు చేతబట్టినచో, తల్లిదండ్రుల మేతతోనే పెరిగినను అవి సాధువులైనవి. కాకటీలు పెంచువారును ఈ పద్ధతి నెరుగుదురు. పెద్దపక్షులు మనకు అలవాటుపడియుండవలెను; పిల్లను చలి తగులకుండ కొన్ని నిముషములు అరచేతిలో నుంచి మరల గూటిలో విడువవలెను. మేత మాత్రము వానిదే.

చేతిమేత తప్పనిసరియగు వేళలును లేకపోలేదు. పెద్దపక్షులు చనిపోవుట, పిల్లల యీకలు పెరుకుట, చివర పుట్టిన పిల్లను మేపక విడుచుట వీనిలోనివి. సాయంకాలము పిల్ల మేతసంచి ఖాళీగా నున్నదేమో చూడుడు. అప్పుడైనను, అంతే వయసు పిల్లలుగల మరియొక జత యున్నచో దానికి బెంపుడు ఇచ్చుట మేలు. లేనిచో పశువైద్యుని చూపి, అనుభవజ్ఞుని చేతికే యప్పగింపవలెను.

కొనదలచిన తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్ల 5 వారములకు గూడు విడుచును గాని, ఆ పిమ్మటను కొన్ని వారములు పెద్దవాని మేతపైననే యాధారపడును. 7 మొదలు 10 వారముల నడుమ గాని తానై పూర్తిగా తినజాలదు. కాబట్టి దుకాణమున కొంతసేపు నిలిచి, ఆ పిల్ల గింజను స్వయముగా ఒలిచి మ్రింగుచున్నదో లేదో చూచి, అటుపిమ్మట వెల యడుగుడు.