కట్టెల మోపు

కాయకమును గూర్చి పాఠము చెప్పునపుడెల్ల మనము మగ్గమునొద్ద జేడర దాసిమయ్యను, పడవపై అంబిగర చౌడయ్యను, త్రాళ్లు పేనిన నులియ చందయ్యను చూపుదుము. వీరి చేతిలో పని ముందే యున్నది. దానినే శివార్పణము గావించిరి. మరి దొంగతనమే వృత్తియైన వాడు ఏ కాయకము చేయవలెను? ఉరిలింగపెద్ది చరితము చదివినవారికి ఈ ప్రశ్న తప్పదు.

ఉరిలింగదేవుని మఠము కంధారమున నుండెను. ఆ యూరు నేడు మహారాష్ట్రములోని నాందేడు జిల్లాలోనిది. పెద్ది, సమాజము అంటరానిదని త్రోసివేసిన కులమున పుట్టి, కన్నములు వేసి బ్రతికినవాడు. ఒక రాత్రి తాను చొరబడిన యింట ఉరిలింగదేవుడు గృహస్థునకు దీక్ష యిచ్చుచుండగా మరుగున నిలిచి చూచెననియు, వచ్చిన పని మరచెననియు సంప్రదాయము చెప్పును. అటుపిమ్మట దినమున కొక కట్టెల మోపు తెచ్చి మఠమున వేయసాగెను.

ఈ మోపునొద్ద పాఠకులు కొంత నిలువవలెను. దొంగ చీకటిలో పోవును. కట్టెలవాడు పట్టపగలు నడివీధిలో తలపై బరువుతో పోవలెను; నలుగురును గుర్తుపట్టుదురు. ఒక కన్నముతో ఏడాది గ్రాసము దొరకవచ్చును. మోపు విలువ ఆ పూటతో సరి. మరునాడు మరల అడవికి పోవలసినదే. దీక్షకు ముందు మోసిన ఈ బరువే పెద్ది మొదటి కాయకమని నా యభిప్రాయము. దానికి మారుగా దోచిన సొమ్ము తెచ్చి మఠమున గుమ్మరించిన దాసోహ మగునా? ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము ఏరి తేగా, ఇల్లాలు లక్కమ్మ ఆ మిగులును తిరిగి పోసి రమ్మనెను. నేలరాలిన గింజలకే అంత లెక్క యున్నచోట దోపిడి ధనమునకు తావెక్కడిది!

గురువు పనియు సులభము కాదు. పేరుపడిన దొంగ ప్రతిదినము మఠములోనికి వచ్చి పోవుచుండగా ఊరివారు ఊరకుందురా? నేడు చెరనుండి విడుదలైనవాడు పని యడిగిన మనమేమి చేయుదుము? పెద్ది కథకు కన్నీరు పెట్టిన పెద్దలే దుకాణపు తాళపుచెవి యిచ్చుటకు వెనుదీయుదురు. ఆ వరుసలో నేను లేనని చెప్పజాలను. తెలంగాణ కారాగారశాఖ పెట్రోలు బంకులు నెలకొల్పి ఖైదీలచేత పని చేయించినది. సర్కారు శాఖ చేసిన పాటి ధైర్యము మన సత్రములు, వసతిగృహములు చేయలేవా?

ఉరిలింగదేవుడు పెద్దికి దీక్ష యిచ్చెను. తన తరువాత పీఠమునను అతనినే నిలిపెను. పెద్ది వచనములు మూడు వందలకు పైగా లభించుచున్నవి. వానిలో సంస్కృత శ్రుతివాక్యములు విరివిగా కానవచ్చును. మైసూరులో అతని పేరిట మఠము నేటికిని కలదు.