నల్లమలలో చుట్టుబాట

కృష్ణా పెన్నా నదుల నడుమ ఉత్తర దక్షిణములుగా సాగిన కొండల వరుసకు నల్లమల యని పేరు. నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకు తూర్పున, ఈ కొండల పాదమున దిగువ అహోబిలమును, కొండల నడుమ ఎగువ అహోబిలమును కలవు. ఎగువ అహోబిలము నుండి బయలుదేరి, భవనాశిని వాగు వెంబడి వరాహ నరసింహాలయమును, జ్వాలా నరసింహాలయమును దర్శించి, మాలోల నరసింహాలయము మీదుగా బయలుదేరిన చోటికే మరలి రావచ్చును. బాట మిక్కిలి కఠినమైనది కాదు. అట్లని తేలికయు కాదు. కొన్ని తావుల మెట్లు కలవు. కొన్ని తావుల బండరాళ్లే మెట్లు.

ఒక కార్తీకమాసపు ఉదయమున ఒక ఉపాధ్యాయుడు పదునలుగురు బాలురతో ఈ బాట పట్టెను. త్రోవ చూపుటకు చెంచు వృద్ధుడొకడు ముందు నడచెను. చెంచులు ఈ అడవికి అనాదిగా నివాసులు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పరిణయమాడి వారికి అల్లుడైనాడని ఆ ప్రాంతపు వాడుక. అందువలన కాబోలు, ఆ వృద్ధుడు కొండలను గూర్చి తన ఇంటి పెరటిని గూర్చి వలె మాటలాడుచుండెను. ఉపాధ్యాయుడు అందరికంటె వెనుక నడచెను. వాగు దాటిన ప్రతిచోట తలలు లెక్కించుట ఆయన పెట్టిన నియమము.

వెదురు పొదలు దాటిన పిమ్మట ఏగిస, నల్లమద్ది, తునికి చెట్లు దట్టమయ్యెను. ఒకచోట చెదపుట్ట త్రవ్వి యుండెను. మట్టి ఇంకను తడిగా నుండుట చూచి వృద్ధుడు, “రాత్రి ఎలుగు వచ్చినది. మాటలాడుకొనుచు రండి నాయనా! దానికి చూపు తక్కువ, వాసన పట్టుట ఎక్కువ. మన అలికిడి ముందుగా విన్నచో అదియే తొలగిపోవును. మౌనముగా పోయి దాని ఎదుట పడినచో బెదరి మీద పడును” అనెను. అంతవరకు మెల్లగా గుసగుసలాడుచున్న బాలురు అప్పటినుండి గొంతెత్తి మాటలాడసాగిరి.

జ్వాలా నరసింహాలయము చేరుసరికి మధ్యాహ్నమైనది. ఎత్తైన కొండచరియ నుండి నీరు తుంపరలై ముందు పడుచుండెను. అచటినుండి చూచినచో ఉగ్రస్తంభమనెడి శిఖరము కనబడును. కొండ నిలువునా చీలి స్తంభమై నిలిచినట్లుండును. బాలురలో పరుగుపందెములందు మొదటివాడగు ఒకడు దానినే చూచుచు, “అయ్యవారూ! ఇంత దూరము వచ్చి స్తంభమెక్కక పోవుదుమా?” అని అడిగెను.

ఉపాధ్యాయుడు పుల్లతో నేలపై అంకెలు వేసెను. 1892లో నాయిస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఏర్పరచిన లెక్క యొకటి కలదు: నడచు ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కు ప్రతి 600 మీటర్లకు మరియొక గంట. అనగా 5 కిలోమీటర్ల దారిలో 300 మీటర్ల ఎక్కుడున్నచో గంటన్నర పట్టును. అదియును ఆరోగ్యవంతులైన పెద్దలకు, మంచి బాటపై. “రాళ్ల దారిలో పిల్లలకు దీనిని రెట్టింపు చేయవలెను. కార్తీకమున ప్రొద్దు త్వరగా క్రుంకును. ఇప్పుడు స్తంభమెక్కినచో చీకటిలో దిగుదుము” అని ఆయన చెప్పెను. బాలుడు మొగము ముడుచుకొనెను.

అంతలో వృద్ధుడు తూర్పువైపు చూచి, “అయ్యా, పై కొండల మీద వాన దిగినది” అనెను. వారి నెత్తిపై ఆకాశము నిర్మలముగానే యుండెను. కాని నల్లమల రాతికొండలపై మట్టి పొర పలుచన. పడిన నీరు ఇంకుటకు తావు లేక త్వరగా వాగులలోనికి జారును. పైన కురిసిన వాన క్రింద ఎండలో నడచువానిని ముంచివేయగలదు. వచ్చిన దారినే పోవుట దగ్గర. కాని అది వాగుగర్భము వెంబడి పోవును. ఉపాధ్యాయుడు దూరమైనను కొండవాలున పోవు మాలోలము బాటనే ఎన్నుకొనెను.

మాలోలము దాటి దిగునపుడు ఒక చిన్నవాని చెప్పు వారు తెగెను. వాడు ఎవరికిని చెప్పక కుంటుచు నడచెను. చివర దాటవలసిన వాగు చేరువ కాగా, నీరెట్లున్నదో చూడగోరి ఉపాధ్యాయుడు వరుసను దాటి ముందునకు పోయెను. నీరు పిక్కల లోతున కలదు. కాని దాని రంగు మారియుండెను. ఆకులు, ఎండుపుల్లలు కొట్టుకొని వచ్చుచుండెను. తలలు లెక్కించగా పదుమూడే తేలెను.

ఆయన మొగము తెల్లబారెను. పరుగులో మొదటివాడగు బాలుడు, “నేను పోయి తెచ్చెదను” అని లేచెను. “ఒంటరిగా వద్దు” అని ఉపాధ్యాయుడు వృద్ధుని తోడిచ్చి పంపెను. రెండవ మలుపున చిన్నవాడు రాతిపై కూర్చుండి, చీలిన మడమకు తువ్వాలు చుట్టుకొనుచుండెను. ఆ బాలుడు వానిని వీపున ఎక్కించుకొని వచ్చెను.

అప్పటికి నీరు మోకాటికి చేరుచుండెను. వృద్ధుడు వెదురుబొంగును కొట్టి తెచ్చెను. బలిష్ఠులు ఎగువవైపునను, చిన్నవారు నడుమను నిలిచి, అందరును బొంగు పట్టుకొని అడుగు తరువాత అడుగుగా దాటిరి. నీటి ఒరవడికి ఒకనికి కాలు జారెను. బొంగు మాత్రము వాని చేత నిలిచెను. గట్టుపైకి చేరి ఉపాధ్యాయుడు మరల లెక్కించెను. పదునలుగురు.

కొంతసేపటికి వాగు ఎఱ్ఱనై హోరుమని పొంగెను. వారు దాటిన రాళ్లు కనబడలేదు.

“తప్పు నాది. వెనుక నడువవలసినవాడు ముందునకు వచ్చితిని” అని ఉపాధ్యాయుడు వృద్ధునితో మెల్లగా అనెను. వృద్ధుడు బదులు చెప్పక, చిన్నవాని తెగిన చెప్పునకు నారతాడు కట్టుచుండెను. ఉగ్రస్తంభము నెక్కగోరిన బాలుడు ఒకసారి వెనుదిరిగి చూచెను. శిఖరము వానలో కలిసిపోయి యుండెను.