పెరటితోటవారికి పనిముట్టు కానుక నిచ్చునప్పుడు

మన సంఘ సభ్యులలో నొకరు, తమ తండ్రిగారు ఉపాధ్యాయ పదవినుండి విరమించు సందర్భమున వారి కేమి బహూకరింపవలెనని మమ్ము నడిగిరి. శాలువయు, గడియారమును, గోడపటమును ఇతరు లెట్లును తెత్తురు. ఆ పెద్దమనుష్యున కుదయము లేచినది మొదలు పెరటిలోని బీరపాదులమీదను గులాబీ మొక్కలమీదను తప్ప ధ్యాస లేదు. కావున తోటపనికి నక్కరకు వచ్చు వస్తు వేదైన నిచ్చిన బాగుండునని కుమారుని తలంపు. తలంపు మంచిదే. అయితే నచ్చని చీర పెట్టెలో నుండును, దానివలన నెవరికిని హాని లేదు. నచ్చని పనిముట్టు మూలబడును, లేదా చేతిని బొబ్బ లెక్కించును, లేదా మొక్కకే చేటు తెచ్చును. ఈ మూడును మేము కన్నులార చూచినవే. కడపటిది మా చేతి మీదుగా జరిగినది గనుక, దానిని గూడ దాపక యిందు వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట నొక గ్రామమున పెరటితోటల పోటీ జరుగగా మొదటి బహుమానము ఒక వృద్ధురాలికి వచ్చినది. రెండు సెంట్ల దొడ్డిలో వంగ, బెండ, గోంగూర, పొట్ల, చిక్కుడు, మూలగా కరివేప, నూతి గట్టున మల్లె. స్నానపు నీరు సైతము వృథాపోనీయక అరటి పాదులోనికి మళ్ళించినది. ఆమె కీయవలసిన బహుమానమును మేమే పట్టణమున నెంచి తెచ్చితిమి. రంగుల పిడులుగల చిన్న తాపీవంటి పార, ముండ్ల పార, కలుపుతీయు కొక్కెము, మూడును ఒక అందమైన పెట్టెలో నమర్చియుండెను. సభలో అందరును చప్పట్లు కొట్టిరి.

మరుసటి మాసము మేమా యింటికి పోయి చూడగా పెట్టె అటకమీద నున్నది. అవ్వ తన పాత బొరిగెతోనే కలుపు తీయుచుండెను. ఆ బొరిగె అలుగు సగమునకు పైగా నరిగిపోయినది, పిడి చీలి గుడ్డపేలికతో కట్టబడియున్నది. కొత్తవి యేల వాడవని యడుగగా, “నాయనా, అవి మెత్తని మన్నులో బాగుంటాయేమో. మా రేగడిలో రెండో పోటుకే మెడ వంగిపోయింది. మీరు తెచ్చారని చెప్పలేకపోయాను” అన్నది. పెట్టె దింపించి చూచితిమి. పలుచని రేకును అచ్చులో నొత్తి, మెడవద్ద అతుకు పెట్టి చేసిన సరకది. వానకు జిగురై ఎండకు బండబారు నల్లరేగడిలో అది నిలుచుట యెట్లు? ఆమెకు కావలసినది ఆ బొరిగెకే కొత్త అలుగును, చేతి కమరు పిడియును. ఊరి కమ్మరి ఒక పూటలో చేయదగిన పని.

అది మొదలు మేము కానుక కొనుటకు ముందు పుచ్చుకొనువారి పెరటికి పోయి రెండు సంగతులు చూచుచుందుము. వారి పనిముట్లలో మిక్కిలి అరిగిన దేది? వారు నేడు రేపనుచు వాయిదా వేయు పని యేది? అరిగినది వారి చేతికి ప్రీతియైనది, కావున అదే యాకారమున, అదే బరువున కొత్తది చేయించి యిచ్చిన తప్పక వాడుకొందురు. వాయిదా పడు పనికి సాధారణముగా తగిన సాధనము లేకుండును. గులాబీలు కత్తిరింపక గుబురెత్తియున్న చోట కత్తెర మొద్దుబారినదని తెలిసికొనవచ్చును. మీకేమి కావలెనని మాత్ర మడుగరాదు. “నాకేమీ అక్కరలేదు” అనియే మన పెద్దలందరు చెప్పుదురు.

బొరిగెను కొన్ని తావుల తొలిక యనియు, కొన్ని తావుల ఖుర్పీ యనియు అందురు. ఆకారములందు కొంత భేదమున్నను, పెరటితోటకు ఇంతకు మించిన సాధనము లేదని మా యభిప్రాయము. దీనిని దుకాణమునకంటె కమ్మరి కొలిమివద్ద చేయించుట మేలు. పాత లారీల కమాను పట్టీ ఉక్కు దొరకినచో దానితోనే చేయుమని చెప్పవలెను. ఆ యుక్కు గట్టిది, పదును చాలకాలము నిలుపుకొనును. రేగడి నేలకు సన్నని అలుగు, గులకరాళ్ళుగల ఎర్రనేలకు కొంచెము వెడల్పును మందమునుగల అలుగు కావలెను. చేసిన పిమ్మట అంచుపై ఆకురాయి నొకసారి నడిపి చూడుడు. ఆకురాయి జారిపోవుచున్నచో పదును బాగుగ పట్టించినట్లు, వెన్నలోవలె దిగబడుచున్నచో ఇనుము మెత్తనిది. మరియు అలుగును వ్రేలాడదీసి చిన్న రాతితో తట్టిన ఖణీలుమనవలెను. మొద్దుగా పలికినచో ఎచ్చటనో బీట యున్నదని యెరుగుడు.

పిడిని తుమ్మచేవతో చేయించుట మన ప్రాంతములందు వాడుక. దానికి మెరుగునూనె పూయరాదు, చెమట పట్టిన చేతిలో జారును. అవిసెనూనె పలుచగా రెండు మూడు సారులు పట్టించి ఆరనిచ్చిన చాలును. పిడి లావు మనిషిని బట్టి యుండవలెను. పట్టుకొన్నప్పుడు బొటనవ్రేలు చూపుడువ్రేలిమీదికి కొంచెము వచ్చిన సరిపోయినట్లే. మగవాని చేతికి చేసిన పిడి నాడువారికిచ్చిన సాయంకాలమునకు మణికట్టు నొప్పి పుట్టును. గొంతుకూర్చుండలేని మోకాళ్ళనొప్పులవారికి ఇదే అలుగును నిలువు పిడికి, భుజముల యెత్తున, తగిలించి యీయవచ్చును. పిడి వదులైనప్పుడు నీటిలో నానవేయుట పలువురకు అలవాటు. నానినంతసేపు బిగిసి, ఆరినంతనే మునుపటికంటె వదులగును. ఎండిన కఱ్ఱమేకు నొకదానిని దిగగొట్టుటే సరియైన చికిత్స.

కొమ్మలు కత్తిరించు కత్తెరను దుకాణదారులు సికేచరు అందురు. గులాబీ, మల్లె, జామ, నిమ్మ పెంచువారికి ఇంతకంటె ప్రియమైన కానుక అరుదు. ఇది రెండు విధములు. ఒకదానిలో రెండలుగులు ఒకదానిప్రక్క నొకటి దాటిపోవును. రెండవదానిలో పదునైన అలుగు చదునైన దిమ్మెమీద పడును. ఈ రెండవది పచ్చికొమ్మను కోయుటతోపాటు నలిపివేయును, నలిగిన చోట కుళ్ళు ప్రవేశించును. కావున పచ్చికొమ్మలకు మొదటి రకమే కొనవలెను. రెండవది ఎండుపుల్లలకు పనికివచ్చును. ఎట్టి మంచి కత్తెరయైనను బొటనవ్రేలి లావు, అనగా సుమారు 2 సెంటీమీటర్లు, మించిన కొమ్మకు వాడరాదు. దానికి చేతిరంపమున్నది. బలవంతముగ త్రిప్పిన కత్తెర కీలు చెడును, కొమ్మయు చీలును.

కొనునప్పుడు పలుచని కాగితమును అలుగుల కొనతో కత్తిరించి చూడుడు. చింపక తెగవలెను. మరలు విప్పుటకు వీలగునా, స్ప్రింగు విడిగా దొరకునా యని యడుగుడు. పూర్తిగ తెరచినప్పుడు రెండు పిడులును ఒక్క చేతి పట్టులో నిలువనిచో అది ఆ చేతికి పెద్దది. మేమొకమారు ఈ మాటలన్నియు పాటించి చక్కని కత్తెర నొకటి కొని యొక మిత్రునికిచ్చి, ఆయన ఎడమచేతివాటమువాడని మరచితిమి. సాధారణపు కత్తెర కుడిచేతికి చేసినది. ఎడమచేతివారికి వేరుగ చేసినవి దొరకును, అడిగి తెప్పించుకొనవలెను. కత్తెరతోపాటు ఒక చిన్న సానరాయి, నూనెగుడ్డ యొకటి చేర్చి యిచ్చుట మరువకుడు. సాన పట్టునప్పుడు ఏటవాలుగనున్న వైపు మాత్రమే పట్టవలెను. లోపలి చదునువైపు రుద్దినచో రెండలుగుల మధ్య సందు పడి, ఆ కత్తెర మరల కుదురదు. నిమ్మకు గజ్జితెగులు సోకిన యింట, చెట్టుకు చెట్టుకు నడుమ స్పిరిటు గుడ్డతో అలుగు తుడువవలెనని కూడ చెప్పి యీయుడు. ఆ తెగులు కత్తెరవెంట నడచును.

అంటుకత్తి సంగతి వేరు. అంటుకట్టుట రానివానికి అది గోరుగల్లు వంటిదే. నేర్చుకొనవలెనను కోరిక గలవారికి కత్తితోపాటు నొకదినము కూడ బహూకరింపుడు. రాజమహేంద్రవరమునకు సమీపముననున్న కడియము నర్సరీలకు తీసికొనిపోయి, అంటుకట్టు పనివారి చేతులను కొంతసేపు చూపించిన, పుస్తకమువలన రాని సంగతులు తెలియును.

నీళ్ళు చల్లు డబ్బాను కొనువారు పెద్దదైన మేలనుకొందురు. పది లీటర్ల డబ్బా నిండిన నీటి బరువే పది కిలోలు. అరువదేండ్లు దాటినవారు నూతినుండి మడివరకు దానిని మోయుట కష్టము. అయిదు లీటర్లవి రెండు కొని యిచ్చిన రెండు చేతులకు సమముగ తూగును, నడుము వంగదు. చిల్లులమూత ఊడదీయుటకు వీలుగ నుండవలెను, లేనిచో చెత్తపడి పూడుకొనును. నారుమడికి మూత ముఖము పైకి త్రిప్పి చల్లిన నీరు వానతుంపరవలె పడి విత్తులు చెదరవు.

ఇక మందు చల్లు పంపు. మాకు మిత్రుడైన యొక రైతు తన పెరటిలో టమాటయు చిక్కుడును ప్రేమతో పెంచుచుండెను. చిక్కుడుకు పేనుబంక తగులగా, మా ప్రదర్శన క్షేత్రమున కొలదికాలము మాత్రమే వాడిన పంపు నొకదానిని ఆయనకు కానుకగా నిచ్చితిమి. రెండు మూడుసార్లు నీటితో తొలిచి యిచ్చితిమి గాన శుభ్రమనియే నమ్మితిమి. ఆయన వేపగింజల కషాయము వడగట్టి సాయంకాలమున చల్లెను. నాలుగైదు దినములలో టమాట ఆకులు సన్నబడి మెలిదిరిగినవి, చిక్కుడు తీగల కొనలు వంకరలు పోయి వాడినవి. ఆయన వేపకషాయము ఘాటెక్కినదని తన్ను తాను నిందించుకొనుచుండెను. మేము పోయి చూచిన క్షణముననే కారణము తెలిసినది. ఆ పంపుతో అంతకుముందు జొన్నచేలో 2,4-డి అను కలుపుమందు చల్లియుంటిమి. ఆ మందు వెడల్పాకు మొక్కలకు విషము. రబ్బరు గొట్టములలోను వాషర్లలోను ఇంకిన కొంచెమే టమాటను చెరచుటకు చాలును.

మొక్కలు పోయినను మరల నాటుకొనవచ్చును. ఆ చిక్కుడు విత్తు మాత్రము ఆయన తల్లి చేతినుండి వచ్చినది, ఏటేట ఆ పాదునుండియే గింజ తీసి మరుసటియేట నాటుచుండిరి. ఆ యేడు గింజయంతయు నాటివేసిరి. మేమేమి చెప్పగలము? తప్పు మాదని చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట పొరుగూరనున్న చెల్లెలి యింట గుప్పెడు గింజలు దొరకినవి గాన ఆ తీగ నేటికిని పందిరిమీద నున్నది.

కావున పంపు నిచ్చువారు కొత్తదే యీయవలెను. పెరటికి ఒకటి రెండు లీటర్ల చేతిపంపు చాలును. దానిపై “కలుపుమందుకు వాడరాదు” అని చెరగని రంగుతో వ్రాసి యిండు. వాషర్లు రెండు అదనముగ, వడగట్టుటకు దళసరి గుడ్డ యొకటి జతచేయుడు. వేపకషాయమునకు కొలత: లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు దంచి రాత్రియంతయు నానవేసి, ఉదయమున వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, ఎండ తగ్గిన పిమ్మట చల్లవలెను. ఈ కొలతను చీటీపై వ్రాసి పంపునకు కట్టి యిచ్చిన మరల మరల అడుగ నక్కరలేదు.

ఆ సంగతి జరిగిన నాటినుండి మేమెవరికేమి యిచ్చినను, బిగుతు మూతగల గాజుసీసా నొకటి తోడుగ నిచ్చుచున్నాము. బాగుగ నెండిన విత్తులను పొడి బూడిదతో కలిపి యందుంచి, పేరును సంవత్సరమును వ్రాసి చీటీ అంటించుకొందురు. అన్నియు ఒక్కయేట నాటవలదని మాత్రము చెప్పుచుందుము.

చేతిలో నెక్కువ సొమ్ము లేనివారికి తగిన కానుకలును కలవు. పందిరికి కొబ్బరిపీచు త్రాటి చుట్ట, మామిడికాయలు నేలరాలక కోయుటకు చిక్కము కట్టిన వెదురుగడ, తెల్లదోమకై పసుపురంగు పూసి ఆముదము రాయదగిన రేకుముక్కలు, ఇట్టివి. వాననుకొలుచు సీసాను ఎవ్వరును కానుకగా తలంపరు గాని, మా యెరుకలో దానిని పుచ్చుకొన్నవారందరును సంతసించిరి. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరునకు ఒక లీటరు నీరు. సెంటు నేల సుమారు 40 చదరపు మీటర్లు గనుక, 10 మిల్లీమీటర్ల వాన కురిసిన నాడు ఆ సెంటుపై 400 లీటర్లు పడినట్లే. అనగా పది లీటర్ల బిందెలు నలుబది. ఆ లెక్క తెలిసినవారు మరునాడు నూతిలో చేద వేయరు. అడుగునుండి అంచువరకు ఒకే వెడల్పుగల సీసాయైనచో ప్రక్కన కొలబద్ద కట్టి ఇంటనే చేసికొనవచ్చును.

శనివారమునాడు ఇనుము కొనరాదనియు, కత్తిని చేతికీయరాదనియు పట్టింపుగలవారు కలరు. వాదమునకు దిగవలదు. గురువారము కొని, పళ్ళెరములో పెట్టి యిచ్చిన సరిపోవును. దసరాకు ఆయుధపూజ చేయు ఇండ్లలో, ఆ ముందుదినమున నందునట్లు పంపిన కొత్త బొరిగె కూడ కుంకుమబొట్టుతో పూజ నందును.

ఉపాధ్యాయుల కుమారునికి మేము కత్తెరయే చెప్పితిమి. వారి గులాబీలు మనిషియెత్తు పెరిగియున్నవి. చేతి కొలత తెమ్మని పంపగా, నిదురలోనున్న తండ్రిగారి అరచేతిని కాగితముపై నుంచి గీత గీసి తెచ్చినాడు. ఆ కాగితము ఇపుడు మా బల్లమీద నున్నది. పట్టణమునకు పోవునప్పుడు వెంట తీసికొనిపోయెదము. ఇతర సభ్యులలో నెవరికైన ఇట్టివి కావలసియున్నచో, చేతి కొలతయు, నేల యెట్టిదో, వాటము కుడియో యెడమయో వ్రాసి సంఘ కార్యాలయమున గుమాస్తాగారికీయవచ్చును.