పేరు పిలిచే దాకా: ట్రాన్సిట్ క్యాంపులో ఉన్న జవానుకు

నెక్కొండలో రైలెక్కిన జవాను నేరుగా పోస్టు మీద దిగడు. వరంగల్‌లో బండి మారతాడు. చెన్నై నుంచి కాట్రా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్‌లో జమ్మూ చేరతాడు, లేదంటే ఢిల్లీ మీదుగా చండీగఢ్ పోతాడు. ఆ తర్వాత ముందుకు కదలడం తన చేతిలో ఉండదు. రాంబన్ దగ్గర కొండచరియ విరిగిపడితే కాన్వాయ్ ఆగుతుంది. లేహ్‌లో వాతావరణం బాగాలేకపోతే చండీగఢ్ నుంచి విమానం లేవదు. మంచుకు జోజిలా కనుమ మూసుకున్న రోజుల్లో విమానం తప్ప దిక్కు లేదు. ట్రాన్సిట్ క్యాంపులో రెండు రోజులైనా పడుతుంది, వారమైనా పడుతుంది. యూనిట్ చేరాక కూడా ఏ కంపెనీ, ఏ పోస్టు అని తేలేదాకా ఇంకో వెయిటింగ్. పోస్టు మీద కన్నా ఈ ఖాళీ రోజుల్లోనే మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటారని నా అభిప్రాయం. పోస్టు మీద పని ఉంటుంది, పక్కన సీనియర్ ఉంటాడు, భయం ఉంటుంది. ఇక్కడ ఆ మూడూ తక్కువే.

ముందు తారీఖు సంగతి. సెలవు ముగిసేసరికి మూవ్‌మెంట్ ఆర్డర్‌లో రాసిన చోట రిపోర్ట్ చేయాలి. చేశాక నాలుగు రోజులు విమానం లేవకపోయినా ఆ ఆలస్యం మీ మీదికి రాదు. కానీ క్యాంపులో ఉన్న దోస్తు ఫోన్ చేసి "ఫ్లైట్లు లేవురా, నిదానంగా రా" అన్నాడని ఇంట్లో ఆగితే అది ఓవర్‌స్టే. దోస్తు మాట ఆర్డర్ కాదు. ఆర్మీ యాక్ట్ 1950లో సెక్షన్ 39 ఇలాంటి వాటికే ఉంది. సర్వీసు రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ ఒకటి పడితే ప్రమోషన్ దాకా వెంటాడుతుంది. గైర్హాజరు 30 రోజులకు చేరితే సెక్షన్ 106 కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది.

మిర్చి ఏరే సీజన్‌లో ఇంట్లోవాళ్లు "ఇంకో రెండు రోజులు ఉండు బిడ్డా, ఎనుమాముల మార్కెట్‌కు సరుకు పోయేదాకా" అంటారు. వాళ్ల అవసరం నిజమే. అప్పుడు సెలవు ముగియకముందే యూనిట్‌ను అడగండి, మంజూరైందన్న జవాబు వస్తేనే ఆగండి. అడిగినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు. రైలే గంటల కొద్దీ లేటైతే దారిలోంచే యూనిట్‌కు చెప్పండి. ఆలస్యానికి రాతపూర్వకమైన రుజువు ఏదైనా స్టేషన్‌లోనే తీసుకోండి. అసలు చివరి రోజుకు చేరే బండికి కాకుండా ఒక రోజు ముందు చేరే బండికి రిజర్వేషన్ చేయించుకుంటే ఈ గొడవే ఉండదు.

క్యాంపులో రోజు మామూలుగానే మొదలవుతుంది. పొద్దున ఫాలిన్, రోల్ కాల్, మధ్యలో ఏదో ఫటీగ్ డ్యూటీ, లంగర్‌లో రొట్టె, పప్పు. అన్నం తక్కువైందని మనవాళ్ల గొణుగుడు ఎలాగూ ఉంటుంది. ఈలోగా ముందుకు పోయేవాళ్ల నామినల్ రోల్ తయారవుతుంది. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఈ రోజు పేరు లేదు కదా అని మధ్యాహ్నం చెప్పకుండా బజారుకు పోతారు. సాయంత్రం వాతావరణం తెరిపి ఇస్తుంది, తెల్లవారుజాము సార్టీకి పేర్లు పిలుస్తారు, ఈయన ఉండడు. సీటు పోవడం చిన్న నష్టం. రోల్ కాల్‌లో లేడని రాసుకోవడం పెద్ద నష్టం. బయటికి పోవాలంటే అవుట్ పాస్ అడగండి. ఇవ్వకపోతే పోవద్దు.

లేహ్ చేరాక వెయిటింగ్‌కు ఇంకో కారణం ఉంది. అది పదకొండు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. మొదటి స్టేజ్ అక్లిమటైజేషన్ ఆరు రోజులు. అందులో మొదటి రెండు రోజులు విశ్రాంతే, తర్వాత మెల్లగా నడక, ఆఖర్న కొద్దిగా ఎక్కడం. పన్నెండు వేల అడుగులు దాటితే మరో నాలుగు రోజులు, పదిహేను వేలు దాటితే ఇంకో నాలుగు. భర్తీ రన్నింగ్‌లో ఫస్ట్ వచ్చిన కుర్రాళ్లు ఆ మొదటి రెండు రోజుల్లోనే ఉషారు చూపించబోతారు. తలనొప్పి, దగ్గు, పడుకున్నా ఆయాసం ఉంటే దాచకుండా మెడికల్ వాళ్లకు చెప్పండి. దాచినవాడి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. నెల సెలవు గడిపి తిరిగి వెళ్లినవాళ్లూ మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాల్సిందే.

ఇక డబ్బు. ఉద్యోగం బాగానే చేసి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఒక కేసు లెక్క వేద్దాం. సియాచిన్‌కు పేరు వచ్చిందని ఒక నాయక్‌కు క్యాంపులో తెలిసింది అనుకోండి. ఏడో వేతన సంఘం తర్వాత, 2017 జులైలో జవాన్లకు అక్కడి అలవెన్స్ నెలకు 30,000 చేశారు, ఆ లెక్కే తీసుకుందాం. ఆ ధైర్యంతో ఇంట్లోవాళ్లు నెలకు 8,000 ఈఎంఐ మీద బండి తీశారు, 36 నెలలు. గ్లేసియర్ మీద ఉండేది సాధారణంగా మూడు నెలలు. వచ్చేది 90,000, కట్టేది 2,88,000. మెడికల్‌లో ఆగిపోయినా, పేరు మారినా ఆ 90,000 కూడా ఉండదు. మామూలు జీతం మీద కట్టగలిగిన ఈఎంఐ మాత్రమే పెట్టుకోండి. అలవెన్స్ చేతికొచ్చాక పాత అప్పు తీర్చుకోండి, మిర్చి పెట్టుబడికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది ముందు.

పక్క మంచం వాడి లోన్‌కు గ్యారంటీ సంతకం కూడా క్యాంపుల్లోనే అడుగుతారు. రేపు అతని యూనిట్ ఎక్కడో, మీది ఎక్కడో. వద్దని మర్యాదగా చెప్పండి. పేకాట, ఫోన్‌లో రమ్మీ కూడా అంతే. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. అయినా లింకులు వస్తూనే ఉంటాయి, ఖాళీగా కూర్చున్న వేలు నొక్కుతూనే ఉంటుంది.

ఫోన్‌లో ఇంకో ప్రమాదం ఉంది. 2020లో ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లు తీసేయమని సైన్యం ఆదేశించింది. పరిచయం లేని ఆడ ప్రొఫైల్ తెలుగులో పలకరించినా అనుమానించాల్సిందే. అంతకన్నా మామూలుగా జరిగేది మన వాట్సాప్ గ్రూపులోనే. "రేపు పొద్దున కాన్వాయ్, ఇన్ని బండ్లు" అని తమ్ముడికి పెడితే వాడు గర్వంగా ఊరి గ్రూపులో పెడతాడు. అందుకే ఇంటికి క్షేమం చెప్పండి, కదలిక చెప్పకండి. ఫోన్ కొన్నాళ్లు కలవదని, కలవకపోతే కంగారు పడొద్దని ముందే చెప్పి ఉంచండి. అధికారిక సమాచారం బయటికి పోతే వర్తించేది అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్, తెలియక చేశాననే మాట అక్కడ పెద్దగా పనికిరాదు.

ఈ ఖాళీ రోజుల్లో నిజంగా చేయదగ్గ పని కాగితాలు సరిచూసుకోవడం. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో పబ్లిష్ కాకపోతే రికార్డుల ప్రకారం మీరు బ్రహ్మచారే. మనవాళ్లకు ఎక్కువగా తగిలేది ఇంటిపేరు చిక్కు. భార్య ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తింటిది, మీ రికార్డులో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. మూడూ కలవకపోతే డిపెండెంట్ కార్డు దగ్గరే ఆగిపోతుంది. నామినీ సంగతీ చూడండి. భర్తీ అయిన రోజు అమ్మ పేరు రాసి, పెళ్లయ్యాక ఎవరికెంత అని మార్చకుండా వదిలేస్తే, రేపు జరగరానిది జరిగితే అత్తాకోడళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతా, ఇతర పాలసీలు అన్నీ విడివిడిగా చూసుకోండి. ఒకదానిలో మారిస్తే రెండోదానిలో దానంతట అది మారదు.

అగ్నివీర్ తమ్ముళ్లకు ఈ వెయిటింగ్ ఇంకా ఖరీదైనది. 2022 జూన్‌లో ప్రకటించిన ఆ పథకంలో సర్వీసు నాలుగేళ్లు, ఏడాదికి సెలవు 30 రోజులు, రెగ్యులర్‌గా తీసుకునేది బ్యాచ్‌లో 25 శాతం దాకా. రెగ్యులర్ జవానుకు పడిన చిన్న మచ్చ కాలంతో మాసిపోవచ్చు, మీకు ఆ కాలమే లేదు. క్యాంపులో ఎవరూ చూడకపోయినా పొద్దున పరుగు ఆపకండి. సాయంత్రం గంటసేపు హిందీ చదవడం, రాయడం చేయండి, మనవాళ్లు వెనకబడేది చాలాసార్లు అక్కడే.

పేరు పిలిచాక టైం ఉండదు. బెడ్డింగ్ అప్పగించి క్లియరెన్స్ తీసుకోవాలి, ఐడీ కార్డు, మూవ్‌మెంట్ ఆర్డర్ చొక్కా జేబులో ఉండాలి, కిట్ బ్యాగులో కాదు. క్యాంపుకు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు కదిలారో ఆ తారీఖులు ఆర్డర్ మీద ఎక్కించారో లేదో అక్కడే చూసుకోండి. యూనిట్‌లో క్లర్క్ మొదట అడిగేది అదే.