ఫుల్ స్పీడులో మోటారు తడబడితే

జూన్ 16. తెల్లవారింది. మామ, అల్లుడు వేట ముగించుకొని ఒడ్డుకు వస్తున్నారు. వారిది ఫైబర్ పడవ. వెనక పాత పెట్రోలు మోటారు తగిలించారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో మోటారు ఇంట్లోనే ఉంది.

మొగ దగ్గర కెరటాలు లేస్తున్నాయి. అక్కడ గబగబా దాటాలి. అల్లుడు స్పీడు పెంచాడు. మోటారు గట్టిగా అరిచింది. వెంటనే నీరసించింది. మళ్ళీ అరిచింది. మళ్ళీ నీరసించింది. వెనక నుంచి పెద్ద కెరటం వచ్చింది. పడవ అడ్డం తిరగబోయింది. మామ తెడ్డు వేసి నిలబెట్టాడు. ఎలాగో ఒడ్డు చేరారు.

"మోటారు పనయిపోయింది. అప్పు చేసైనా కొత్తది కొనాలి" అన్నాడు మామ.

"నెమ్మదిగా పోతే బాగానే తిరుగుతోంది కదా మామా!" అన్నాడు అల్లుడు.

అత్త నోటు పుస్తకం తెచ్చింది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. మోటారుకు చేసిన ప్రతి పనీ అందులో రాస్తుంది.

"ఫిబ్రవరిలో ప్లగ్గు మార్చారు. ఫిల్టరు కడిగినట్టు ఎక్కడా లేదు. ముందు అది చూడండి. అప్పు సంగతి తర్వాత" అంది.

స్పీడులోనే ఎందుకు తడబడుతుంది?

కుళాయి సన్నగా వస్తే ఒక ఇంటికి చాలుతుంది. వీధి మొత్తానికి చాలదు. మోటారు కూడా అంతే. నెమ్మదిగా తిరిగితే కొంచెం పెట్రోలు చాలు. ఫుల్ స్పీడుకు చాలా కావాలి. దారిలో అడ్డు ఉంటే స్పీడు పెంచినప్పుడే బయటపడుతుంది.

వరసగా చూడాలి

1. గాలి మర: ఇది ట్యాంకు మూత మీద ఉంటుంది. బిగించి ఉంటే లోపలికి గాలి పోదు. పెట్రోలు సరిగా రాదు. మోటారు నడిపేటప్పుడు దాన్ని వదులు చేయాలి.

2. పైపు: మడతలు, పగుళ్ళు ఉన్నాయా? జాయింట్లు వదులుగా ఉన్నాయా? పగులు ఉంటే పైపు గాలి పీలుస్తుంది.

3. రబ్బరు బుడ్డి: ఇది పైపు మధ్యలో ఉంటుంది. అలలు లేని నీటిలో ఇద్దరు పడవ ఎక్కాలి. ఒకరు ఫుల్ స్పీడులో నడపాలి. ఒకరు బుడ్డి నొక్కాలి. నొక్కితే మోటారు సర్దుకుందా? అయితే దానికి పెట్రోలు చాలడం లేదు. బుడ్డి సొట్టపోయిందా? అయితే అడ్డు ట్యాంకు వైపు ఉంది.

4. ఫిల్టరు: మోటారు ఆపి, చల్లారాక విప్పి చూడాలి.

మామ, అల్లుడు ఏటిలో ఇలాగే చేశారు. గాలి మర వదులుగానే ఉంది. పైపు బాగుంది. బుడ్డి నొక్కగానే మోటారు సర్దుకుంది. వదిలితే మళ్ళీ తడబడింది. ఫిల్టరు విప్పారు. నిండా జిగురు, నలకలు! ట్యాంకులో పెట్రోలు గాజు సీసాలో పోశారు. కాసేపటికి అడుగున నీరు తేలింది. రెండు నెలల నిల్వ పెట్రోలు అది. తీసేశారు. ట్యాంకు, ఫిల్టరు కడిగారు. తాజా పెట్రోలు పోశారు. మోటారు ఒకే శబ్దంతో తిరిగింది.

అయినా తగ్గకపోతే?

ప్లగ్గులు చూడాలి. కార్బరేటరు జెట్టులో జిగురు చేరి ఉండవచ్చు. పెట్రోలు పంపులో పొర చిరిగి ఉండవచ్చు. ఈ రెండూ మెకానిక్కు చూపించాలి. మోటారు అరుస్తున్నా పడవ కదలకపోతే పంకా చూడాలి. వల తాడు చుట్టుకొని ఉండవచ్చు. పంకా లోపలి రబ్బరు జారుతూ ఉండవచ్చు.

జాగ్రత్తలు

* పెట్రోలు దగ్గర బీడీ, దీపం వద్దు.
* నీళ్ళు లేకుండా మోటారు నడపవద్దు. నీటి పంపు రబ్బరు కాలిపోతుంది.
* మోటారు ఆపకుండా పంకా ముట్టుకోవద్దు.
* నిషేధానికి ముందే ట్యాంకు, కార్బరేటరు ఖాళీ చేయాలి.
* తెడ్లు లేకుండా సంద్రంలోకి పోవద్దు.

ఆ రాత్రి అత్త పుస్తకంలో ఇలా రాసింది: "జూన్ 16. ఫిల్టరు కడిగాం. కొత్త మోటారు కొనలేదు."

ప్రశ్నలు

1. రబ్బరు బుడ్డి ఎందుకు నొక్కి చూశారు?
2. 50 లీటర్ల పెట్రోలుకు 1 లీటరు ఆయిలు కలపమని ఒక మోటారు పుస్తకంలో ఉంది. 10 లీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లు కలపాలి? (జవాబు: 200)
3. మీ మోటారుకు చివరిసారి చేసిన పని, తేదీ రాయండి.