ఇన్షా అల్లా అంటే అవునా, కాదా?

నేను 1981లో బ్యాంకులో గుమాస్తాగా చేరి 2018లో రిటైరయ్యాను. మనం లెక్కల్లో రాసే జమ, బాకీ, వసూలు అనే మాటలు అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చినవి. రోజూ ఆ మాటలతోనే పనిచేస్తూ కూడా ఒక అరబ్బీ మాటను తప్పుగా అర్థం చేసుకుని ఒక పెద్దాయనను నొప్పించాను. మన పిల్లలు కొందరు గల్ఫ్ ఉద్యోగాలకు వెళుతున్నారు గనుక ఆ సంగతి రాస్తున్నాను.

1994లో వాణియంబాడిలో లోన్ల సెక్షన్ చూసేవాణ్ణి. ఒక తోళ్ళ వ్యాపారి రెండు వాయిదాలు బాకీ పడ్డారు. "సోమవారం కడతారా?" అని అడిగితే "ఇన్షా అల్లా" అన్నారు. తప్పించుకునే మాట అనుకుని, "దేవుణ్ణి మధ్యకు తేకండి, మీ మాట చెప్పండి" అన్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. శనివారమే వచ్చి రెండు వాయిదాలూ కట్టేశారు. రసీదు తీసుకుంటూ, "తంబీ, రేపటి రోజు నా చేతిలో ఉన్నట్టు చెప్పకూడదని మాకు నేర్పారు. అందుకే అలా అన్నాను" అన్నారు. నాకు తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు.

ఇన్ అంటే "ఒకవేళ", షా అంటే "తలచితే". అంటే "దేవుడు తలచితే" అని. "రేపు ఈ పని చేస్తాను" అనేటప్పుడు ఈ మాట చేర్చాలని ఖురాన్ 18వ అధ్యాయం, 23, 24 వాక్యాల్లో ఉంది. ముస్లింలే కాదు, ఈజిప్టు, లెబనాన్‌లలో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు కూడా అంటారు. అరబ్బీ బైబిలులోనూ దేవుణ్ణి అల్లా అనే అంటారు. "దేవుడి దయ ఉంటే వస్తాం" అని మన ఇళ్ళలో అనేదీ ఇలాంటిదే.

రోజూ వినిపించే మరికొన్ని మాటలు:

1. అస్సలాము అలైకుం: మీకు శాంతి కలుగుగాక. జవాబు: వ అలైకుం అస్సలాం.

2. బిస్మిల్లా: దేవుని పేరుతో. అన్నం తినేముందు, పని మొదలుపెట్టేముందు అంటారు.

3. అల్‌హందులిల్లా: స్తుతి దేవునికే. "బాగున్నారా?" అంటే ఇదే జవాబు. భోజనం అయ్యాక, తుమ్మిన తర్వాత కూడా అంటారు. తుమ్మినవారు ఇలా అంటే పక్కవారు "యర్హముకల్లా" (దేవుడు కరుణించుగాక) అంటారు. మనం పిల్లలు తుమ్మితే "చిరంజీవ" అన్నట్టు.

4. మాషా అల్లా: దేవుడు తలచినది. పిల్లవాణ్ణి, కొత్త ఇంటిని మెచ్చుకునేటప్పుడు దిష్టి తగలకుండా ఈ మాట చేరుస్తారు.

5. ఫీ అమానిల్లా: దేవుని రక్షణలో ఉండండి. సెలవు తీసుకునేటప్పుడు అంటారు.

ఇక ఇన్షా అల్లాకు రెండో వైపు కూడా ఉంది. మా మేనల్లుడు దుబాయ్‌లో ఎకౌంటెంట్. 2012లో చెల్లెలి పెళ్ళికి సెలవు అడిగితే పై అధికారి "ఇన్షా అల్లా" అన్నారు. సెలవు మంజూరైనట్టే అనుకుని వీడు టిక్కెట్టు కొనేశాడు. ఆడిట్ వచ్చిపడి సెలవు దొరకలేదు. టిక్కెట్టు డబ్బు పోయింది, పెళ్ళికీ రాలేకపోయాడు. ఆ అధికారి అబద్ధం ఆడలేదు. ఆయన ఉద్దేశం "చూద్దాం" అని.

నేను కాదనుకున్నచోట అది అవును, వాడు అవుననుకున్నచోట అది కాదు. మాట ఒక్కటే, ఒప్పుకోలుకూ, ఆశకూ, మొహం మీద కాదనలేని మొహమాటానికీ అదే వాడతారు. కనుక ఆ మాట దగ్గరే ఆగకుండా దాని వెనక వచ్చేది వినండి. తేదీ, వేళ చెబితే ఒప్పుకున్నట్టు అనుకోవచ్చు. ఒట్టి మాటే అయితే "ఏ రోజుకు తెలుస్తుందండీ?" అని మర్యాదగా అడగండి. జీతం, సెలవు, కాంట్రాక్టు వంటివి మాత్రం కాగితం మీద ఉండాలి. అలా అడగడం వారి భక్తిని శంకించినట్టు కాదు.

ఈ మాటలను వేళాకోళంగా అనకండి. ఎదుటివారికి అవి ప్రార్థన. తల్లిదండ్రులు కూడా, పిల్లవాడు ఫోన్‌లో "వచ్చే నెల వస్తాను, మా ఆఫీసరు ఇన్షా అల్లా అన్నారు" అంటే, పెళ్ళి ముహూర్తం పెట్టుకునేముందు సెలవు కాగితం వచ్చిందేమో ఒకసారి అడగండి.